తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీ: ఒక వార్షికోత్సవ చరిత్ర

వ్యాస సంగ్రహం: తెలుగులో పూర్తిస్థాయి తొలి శబ్దచిత్రంగా గుర్తింపు పొందిన ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు ప్రచారంలో ఉంది. తరువాతి పరిశోధన దానిని 1932 ఫిబ్రవరి 6గా నిర్ధారించింది. ఈ రెండు తేదీల వెనుక ఉన్న ఆధారాల స్వభావాన్ని, వార్షికోత్సవాలు చరిత్రరచనపై చూపే ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: తొలి టాకీ, భక్త ప్రహ్లాద, కాళిదాస్, హెచ్.ఎం. రెడ్డి, సెన్సారు, వార్షికోత్సవం.

1. ఉపోద్ఘాతం

ఒక కళారూపం తన పుట్టినరోజును జరుపుకోవాలంటే ముందుగా ఒక తేదీ కావాలి. గ్రంథానికి ముద్రణ సంవత్సరం సాధారణంగా పుస్తకంలోనే ఉంటుంది. చలనచిత్రం విషయం వేరు. చిత్రీకరణ, సెన్సారు అనుమతి, తొలి ప్రదర్శన, ఇతర పట్టణాల్లో ప్రదర్శన అనే దశలు వేర్వేరు రోజుల్లో జరుగుతాయి. చిత్రం ప్రతి మిగలనప్పుడు ఆ తేదీని కాగితాల్లోనే వెతకాలి. ‘భక్త ప్రహ్లాద’ ప్రతి నేడు లభ్యం కాదు. అందువల్ల ఈ చిత్రం విడుదల తేదీ చరిత్రరచనా పద్ధతికి సంబంధించిన ప్రశ్నగా మారింది.

2. చిత్ర నేపథ్యం

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో ‘ఆలం ఆరా’ విడుదలై భారతీయ శబ్దచిత్ర యుగానికి నాంది పలికింది. ఆ చిత్రాన్ని నిర్మించిన ఇంపీరియల్ ఫిలిం కంపెనీ అధిపతి అర్దెషిర్ ఇరానీ దక్షిణాది భాషలపై కూడా దృష్టి సారించారు. ఆ బాధ్యతను స్వీకరించిన దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. ఆయన దర్శకత్వంలోని ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న మద్రాసులోని కినిమా సెంట్రల్‌లో విడుదలైంది. తొలి తమిళ టాకీగా ప్రసిద్ధి పొందిన ఈ చిత్రంలో తెలుగు కూడా వినిపించింది.

‘భక్త ప్రహ్లాద’కు ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. సురభి సమాజం ప్రదర్శనల ద్వారా అది అప్పటికే ప్రేక్షకులకు సుపరిచితం. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగా, సురభి కమలాబాయి లీలావతిగా, సింధూరి కృష్ణారావు ప్రహ్లాదుడుగా నటించారు. చందాల కేశవదాసు పాటలు ఇందులో చోటుచేసుకున్నాయి. తరువాతి కాలంలో ప్రముఖ దర్శకుడు, నిర్మాత అయిన ఎల్.వి. ప్రసాద్ చండామార్కుల శిష్యుల్లో మొద్దబ్బాయిగా కనిపించారు. ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’ చిత్రాల్లోనూ ఆయన నటించారు. రంగస్థలం నుంచి తెరపైకి జరిగిన ప్రయాణం ఈ నటవర్గంలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

3. రెండు తేదీలు, రెండు రకాల ఆధారాలు

1931 సెప్టెంబరు 15 అనే తేదీ చలనచిత్ర చరిత్ర గ్రంథాల్లోనూ పత్రికా వ్యాసాల్లోనూ ఒకదాని నుంచి మరొకదానికి సంక్రమించింది. ఒక రచయిత మరొక రచయితను అనుసరించగా, పునరుక్తే ప్రామాణ్యంగా చెలామణి అయింది. పాత్రికేయ పరిశోధకుడు రెంటాల జయదేవ ఈ తేదీని ప్రశ్నించి, సెన్సారు వివరాలను, నాటి పత్రికలను పరిశీలించారు. ఆయన పరిశోధన ప్రకారం చిత్రం 1932 జనవరి 22న బొంబాయిలో సెన్సారు జరుపుకొని, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటరులో తొలిసారి విడుదలైంది.

పై రెండు తేదీల మధ్య వ్యత్యాసం 144 రోజులు. ఇందులో సెన్సారు తేదీ కీలకమైనది. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం ధ్రువపత్రం లేని చిత్రాన్ని బహిరంగంగా ప్రదర్శించరాదు. ఒక బోర్డు ఇచ్చిన ధ్రువపత్రం సాధారణంగా బ్రిటిష్ ఇండియా అంతటా చెల్లుతుంది. కాబట్టి మద్రాసులో ముందే అనుమతి పొందిన చిత్రాన్ని నాలుగు నెలల తరువాత బొంబాయిలో తిరిగి సెన్సారు చేయించవలసిన అవసరం ఉండదు. జనవరి 22న అనుమతి, పదిహేను రోజులకు విడుదల అనే క్రమం వ్యాపార రీతికి కూడా అనుగుణంగా ఉంది.

4. ప్రాథమ్యపు ఆకాంక్ష

పాత తేదీ అంతకాలం నిలవడానికి కేవలం అలక్ష్యాన్ని కారణంగా చెప్పడం సరిపోదు. సెప్టెంబరు 15ను అంగీకరిస్తే తెలుగు టాకీ ‘కాళిదాస్’ కంటే 46 రోజులు ముందుంటుంది. ఫిబ్రవరి 6ను అంగీకరిస్తే ఆ ప్రాథమ్యం తొలగిపోతుంది. భాషాభిమానానికి అనుకూలమైన తేదీని ప్రశ్నించాలన్న ఆసక్తి సహజంగానే తక్కువగా ఉంటుంది.

అయితే ఈ సవరణ వల్ల తెలుగుకు కలిగే నష్టం పైకి కనిపించినంత పెద్దది కాదు. ‘కాళిదాస్’లో తెలుగు వినిపించినందువల్ల మద్రాసు ప్రేక్షకులు 1931 అక్టోబరు 31 నాటికే తెరపై తెలుగు మాటను విన్నారు. అందుచేత ‘తెరపై తెలుగు వినిపించిన తొలి సందర్భం’, ‘పూర్తిగా తెలుగులో రూపొందిన తొలి చిత్రం’ అనే రెండింటిని వేర్వేరు ప్రశ్నలుగా గుర్తించాలి. నాడు భాషల మధ్య ఎల్లలు నేటివలె స్థిరపడలేదు. ఆ మిశ్రమ దశను ఒకే ‘తొలి’ అనే మాటలో కుదించడమే వివాదానికి మూలం.

5. ఉత్సవం, చరిత్ర

2007 జనవరి చివరలో హైదరాబాదులో తెలుగు చలనచిత్ర వజ్రోత్సవం జరిగింది. 1931ను ప్రమాణంగా తీసుకుంటే డెబ్బై ఐదేళ్లు 2006 సెప్టెంబరులోనే నిండాయి. నిర్ధారిత తేదీ ప్రకారం అవి నిండేది 2007 ఫిబ్రవరి 6న. అంటే ఆలస్యంగా జరిగిందనిపించే ఆ ఉత్సవం వాస్తవ తేదీకి కొద్ది రోజుల దూరంలోనే జరిగింది. తరువాత 2025లో తెలుగు ఫిలిం ఛాంబర్ ఫిబ్రవరి 6ను తెలుగు సినిమా దినోత్సవంగా జరపాలని నిర్ణయించడంతో పరిశోధన ఫలితం సంస్థాగత ఆచరణలోకి వచ్చింది.

వార్షికోత్సవం చరిత్రకు రెండు విధాలుగా తోడ్పడుతుంది. మరుగున పడిన నటులను, రచయితలను తిరిగి చర్చలోకి తేవడం మొదటిది. తప్పు తేదీని ఏటేటా స్థిరపరచే ప్రమాదం ఉన్నా, అదే సందర్భంలో దానిని తిరిగి పరీక్షించే అవకాశం కల్పించడం రెండవది. సెప్టెంబరు 15ను ఏటా స్మరించుకోకపోయి ఉంటే దానిని ప్రశ్నించాలన్న ఆలోచన కూడా బలపడి ఉండేది కాదేమో.

6. ముగింపు

‘భక్త ప్రహ్లాద’ ఉదంతం నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, విడుదల తేదీ నిర్ణయంలో స్మృతుల కన్నా సమకాలీన పత్రాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. రెండు, సెన్సారు, తొలి ప్రదర్శన, ప్రాంతీయ ప్రదర్శన తేదీలను విడివిడిగా నమోదు చేయాలి. మూడు, ప్రాథమ్యం భాషాగౌరవానికి ఏకైక కొలమానం కాదు. నూట నలభై నాలుగు రోజులు వెనక్కి జరిగినంత మాత్రాన సురభి కళాకారుల కృషి తగ్గలేదు. పైగా దానికి ఆధారాలతో కూడిన స్థానం లభించింది. 2032 ఫిబ్రవరి 6న ఈ చిత్రానికి నూరేళ్లు నిండుతాయి. ఆ శతాబ్ది నాటికి తొలి దశాబ్దపు టాకీలన్నింటి తేదీలను ఇదే రీతిలో సమకాలీన ఆధారాలతో పరిశీలించి స్థిరపరచడం తెలుగు పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.