ట్రక్కు కళ్ళకి ఆపరేషన్

అమెరికాలో రాత్రిపూట కామ్రీయో సివిక్కో నడిపే మనవాళ్ళందరికీ తెలిసిన సంగతే. వెనకాల ఓ పికప్ ట్రక్కు వచ్చి చేరుతుంది, అద్దాలు మూడూ ఒక్కసారిగా తెల్లబడిపోతాయి. హైబీమ్ వేశాడని తిట్టుకుంటాం. చాలాసార్లు పాపం వాడు వేసింది లోబీమే. మరి తప్పెవరిది? నన్నడిగితే సగం తప్పు ఒక పాత ప్రమాణానిది. ఆ సంగతి తెలియాలంటే 1940 దాకా వెళ్ళాలి.

ఆ రోజుల్లో హెడ్‌లైట్ లోపలికి దుమ్మూ తేమా చేరి రిఫ్లెక్టరు మసకబారిపోయేది. దానికి విరుగుడుగా వచ్చిందే సీల్డ్ బీమ్. 7 అంగుళాల గుండ్రటి దీపం. ఫిలమెంటు, రిఫ్లెక్టరు, ముందు గాజు అన్నీ కలిపి ఒకటే ముద్ద. మాడిపోతే మొత్తం పీకేసి కొత్తది పెట్టుకోవడమే. 1940 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి బండికీ ఇవే రెండు ఉండాలన్నారు. నిజానికి చాలా మంచి నిర్ణయం. ఏ ఊళ్ళో ఏ కొట్టుకెళ్ళినా దొరికేది, పెట్టగానే సరిగ్గా వెలిగేది.

గొడవేమిటంటే, అలా బిగించిన ప్రమాణం నలభై ఏళ్ళపైన కదల్లేదు. మధ్యలో 1957లో నాలుగు చిన్న దీపాలు పెట్టుకోనిచ్చారు, 1970ల మధ్యలో పలకగా ఉండేవి రానిచ్చారు, అంతే. యూరప్‌లో 1962లోనే వచ్చిన హాలోజన్ బల్బు అమెరికా కార్లలోకి దిగడానికి 1970ల చివరిదాకా పట్టింది. 1967లో సిట్రొయెన్ డీఎస్ స్టీరింగ్‌తో పాటు తిరిగే దీపాలు పెడితే, అమెరికా వెళ్ళే బళ్ళకి అవి తీసేసి పంపాల్సొచ్చింది!

చివరికి ఫోర్డ్ 1981లో అర్జీ పెట్టుకుంటే 1983లో ఒప్పుకున్నారు. 1984 లింకన్ మార్క్ 7తో ప్లాస్టిక్ హౌసింగ్, మార్చుకునే బల్బు మొదలయ్యాయి. ఇక్కడే మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ మారిపోయింది. అంతకు ముందు దీపం మొత్తం స్టాండర్డ్. ఇప్పుడు హౌసింగ్ ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం, స్టాండర్డ్ అయింది బల్బు మాత్రమే. సాకెట్లో దూరేదల్లా పనిచేస్తుందనే భ్రమకి పునాది ఇక్కడ పడింది.

ఈలోగా 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో జెనాన్ దీపం వచ్చింది. మామూలు హాలోజన్ లోబీమ్ 55 వాట్లు తిని సుమారు 1000 ల్యూమెన్లు ఇస్తే, ఇది 35 వాట్లకే 3200 ఇస్తుంది. ఎవరికి ఆశ పుట్టదు చెప్పండి? 2000ల్లో హెచ్ఐడీ కిట్లని తెగ అమ్మారు. జెనాన్ బల్బుకి హాలోజన్ మొదలు తగిలించి, పాత బల్బు పీకి ఇది పెట్టుకోమన్నారు. కానీ ఆ హౌసింగ్‌లో రిఫ్లెక్టరు ప్రతి వంపూ సన్నటి ఫిలమెంటు ఫలానా చోట ఉంటుందని లెక్కేసి చేసింది. జెనాన్‌లో ఫిలమెంటే ఉండదు. రెండు కొసల మధ్య వంగి వెలిగే ఆర్క్ ఉంటుంది. ఆకారం వేరు, కాంతి పంచుకునే తీరు వేరు. దాంతో మూడింతల వెలుతురు కట్టు తప్పి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. టైపు సరిపోయింది కదా అని కంపైలర్ ఒప్పుకున్న కోడ్ లాంటిదన్నమాట :)

దీనికి కొందరు ఔత్సాహికులు కనిపెట్టిన సరైన జవాబు: బల్బు ఒక్కటే కాదు, లోపలి ఆప్టిక్స్ మొత్తం మార్చెయ్యడం. అదే ప్రొజెక్టర్ రెట్రోఫిట్.

ప్రొజెక్టర్ సంగతి పదో తరగతి లెక్కలే. దీర్ఘవృత్తానికి రెండు నాభులుంటాయి. ఒక నాభి దగ్గర దీపం పెడితే కాంతంతా రెండో నాభి దగ్గర పోగవుతుంది. అక్కడ ఓ చిన్న రేకు అడ్డం పెట్టి, ముందు కుంభాకార కటకం పెడతారు. కటకం ఆ రేకు అంచుని తలకిందులు చేసి రోడ్డు మీద పడేస్తుంది. అందుకే గీత గీసినట్టు కింద వెలుగు, పైన చీకటి. మన దగ్గర లారీలకీ అంబాసిడర్లకీ హెడ్‌లైట్ అద్దం మీద నల్లరంగు పూసేవారు, గుర్తుందా? ఉద్దేశం ఇదే కానీ, ఆ రంగు పడింది నాభి దగ్గర కాదు, ముందు గాజు మీద. కాబట్టి గీత రాదు, వెలుతురు తగ్గుతుందంతే.

ఇక పని ఎలా చేస్తారో చూడండి. 2004-08 మధ్య ఫోర్డ్ ఎఫ్-150 అనుకుందాం. దానికి ఒకే హెచ్13 బల్బులో లో, హై రెండూ ఉంటాయి. కాబట్టి ఒక సోలినాయిడ్ ఆ రేకుని కిందికి లాగి హైబీమ్ ఇచ్చే బై-జెనాన్ ప్రొజెక్టర్ కావాలి. మొదట్లో జంక్ యార్డుల్లో ఇన్ఫినిటీ ఎఫ్ఎక్స్ లాంటి కార్ల నుంచి పీక్కొచ్చేవారు. లోబీమ్ మాత్రమే చాలనుకుంటే అక్యూరా టీఎస్ఎక్స్‌వో, హోండా ఎస్2000వో. తర్వాత బల్బు కన్నంలోంచే నట్టు బిగించి పెట్టుకునేవి విడిగా తయారయ్యాయి. ముందు హెడ్‌లైట్‌ని వంటింటి ఓవెన్‌లో కాసేపు వేడి చేస్తారు (ఇంట్లో ఆవిడ ఊళ్ళో లేనప్పుడు చేసుకోవాల్సిన పని). బ్యూటైల్ జిగురు మెత్తబడితే ముందు లెన్సు ఊడొస్తుంది. ప్రొజెక్టర్ బిగించి, 25 అడుగుల దూరంలో గోడ మీద గీత పడేలా వెలిగించి, రెండు దీపాల గీతలూ వంకర లేకుండా తిప్పుకుని, అప్పుడు మళ్ళీ మూస్తారు. మూయడం సరిగ్గా కుదరకపోతే మొదటి వానకే లోపల ఆవిరి.

ఇంత చేసినా లెన్సు మీద చెక్కిన డీఓటీ అక్షరాలు ఇప్పుడు అబద్ధమే. ఆ హామీ పాత ఆప్టిక్స్‌ది. ఫెడరల్ చట్టం ఇలా మార్చకూడదని తయారీదారుల్నీ, డీలర్లనీ, రిపేరు షాపుల్నీ కట్టేసింది కానీ సొంత గరాజ్‌లో సొంతదారుణ్ణి కట్టెయ్యలేదు. అతని సంగతి రాష్ట్రాల చట్టాలు చూసుకోవాలి.

ఇంకో చిక్కు ట్రక్కులకే ప్రత్యేకం. అమెరికా ప్రమాణం హెడ్‌లైట్‌ని నేల నుంచి 22 అంగుళాలు మొదలు 54 అంగుళాల దాకా ఎక్కడైనా పెట్టుకోనిస్తుంది. సెడాన్ అద్దం ఉండేదీ ఆ ఎత్తుల్లోనే. 25 అడుగులకి గీత రెండంగుళాలు దిగినా, వెనకే అంటిపెట్టుకుని వచ్చే ట్రక్కు గీత మన అద్దానికి పైనే ఉంటుంది. దానికి తోడు సస్పెన్షన్ నాలుగారంగుళాలు లేపి, దీపాలు మళ్ళీ దించి సర్దుకోనివాడు చేసిన మంచి పనంతా బూడిదలో పోసినట్టే. నా ఉద్దేశంలో రెట్రోఫిట్ మంచిదా చెడ్డదా అన్నది తేలేది ఆ ఓవెన్ దగ్గర కాదు, ఒక్క స్క్రూ తిప్పే చోట.

కంపెనీలేమైనా గొప్పగా చేశాయా అంటే అదీ లేదు. 2016లో ఐఐహెచ్ఎస్ వాళ్ళు 11 పికప్పుల హెడ్‌లైట్లు పరీక్షిస్తే 'గుడ్' వచ్చింది ఒక్క హోండా రిడ్జ్‌లైన్‌కి. ఎదుటి బండి మీద పడే ముక్క వరకే వెలుతురు ఆపేసే అడాప్టివ్ దీపాలకి అమెరికా 2022 ఫిబ్రవరిలోగానీ అనుమతివ్వలేదు. 2024లో వచ్చిన రెండో తరం రివియన్ పికప్‌లో అవి ఉన్నాయి. ఇరవయ్యేళ్ళ నాటి ఎఫ్-150కి మాత్రం అవి తగిలించలేం. దానికి ఇప్పటికీ ఓవెనూ, బ్యూటైలూనే, కాకపోతే లోపల పెట్టేది జెనాన్ బదులు ఎల్ఈడీ ప్రొజెక్టర్.