నూజివీడు మామిడి సీమ: తిండి, పడనితనం, దీర్ఘకాల ఆరోగ్యం

ఏదైనా తిన్నాక ఒళ్ళు దురద పెట్టినా, కడుపు ఉబ్బినా, మూతి పొక్కినా తెలుగువారు అనే మాట ఒకటే: "నాకది పడదు." వైద్యశాస్త్రం ఈ ఒక్క మాటను అలర్జీ, అసహనం, చర్మం పొక్కడం, అరగకపోవడం అని విడదీసి చూస్తుంది. పడని తిండి సాధారణంగా అదే రోజో, రెండు మూడు రోజుల్లోనో తెలిసిపోతుంది. పడుతోందని రోజూ తినే తిండి చేసే మేలూ కీడూ మాత్రం ఏళ్ళు గడిస్తే గాని బయటపడవు. నూజివీడు మామిడి తోటల్లోనూ, వాటికి దిగువన ఉన్న కృష్ణా గోదావరి డెల్టాలోనూ గత రెండు శతాబ్దాల్లో ఈ రెండూ జరిగాయి.

ప్రాంతం

నూజివీడు మెట్ట ప్రాంతం. ఇక్కడి ఎర్ర నేలల్లో మామిడి బాగా కాస్తుంది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం వరకు తోటలు పరుచుకుని ఉన్నాయి. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, బంగినపల్లి, కలెక్టర్ ముఖ్యమైన రకాలు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణతో ఏలూరు జిల్లాలో చేరింది. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన మామిడి పరిశోధన కేంద్రం ఇక్కడ ఉంది. కాయ ఎక్కువగా విజయవాడ దగ్గరి నున్న మార్కెట్‌కు తరలుతుంది.

మెట్ట దిగితే వరి పొలాలు. 1852లో గోదావరి మీద ధవళేశ్వరంలో, 1855లో కృష్ణ మీద విజయవాడలో ఆనకట్టలు పూర్తయ్యాక డెల్టా అంతా వరిమయమైంది. మెట్టవాళ్ళ కంచాల్లో జొన్నన్నం, సజ్జ సంకటి క్రమంగా తగ్గి వరి అన్నం నిలిచింది.

బెరిబెరి: అన్నం నేర్పిన తొలి పాఠం

కోస్తా తెలుగు జిల్లాలను అప్పట్లో ఉత్తర సర్కారులు అనేవారు. ఈ తీరంలో బెరిబెరి పాతుకుపోయిన వ్యాధి. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ 1835లో ఈ వ్యాధి మీద రాసిన గ్రంథంలో ఉత్తర సర్కారుల ప్రస్తావన ప్రముఖంగా ఉంది. రోగికి మొదట కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది. కొందరికి ఒళ్ళంతా నీరు పట్టి గుండె ఆగిపోతుంది.

కారణం తెలియడానికి చాలాకాలం పట్టింది. వడ్లగింజ పైపొరలో, అంటే తవుడులో, థయమిన్ అనే బి1 విటమిన్ ఉంటుంది. బియ్యాన్ని తెల్లగా మర పట్టిస్తే అది తవుడుతో పాటే పోతుంది. బియ్యం పదేపదే కడిగినా, గంజి వార్చి పారబోసినా మిగిలిన కాస్తా నీళ్ళపాలవుతుంది. తమిళ, మలయాళ ప్రాంతాల్లో వడ్లను ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆ తరవాత దంచి ఉప్పుడు బియ్యం చేస్తారు. ఉడికేటప్పుడు విటమిన్ పైపొర నుంచి గింజ లోపలికి దిగుతుంది కాబట్టి తవుడు పోయినా అది చాలావరకు నిలుస్తుంది. సర్కారు జిల్లాల వారికి ఉప్పుడు బియ్యం రుచించదు, పచ్చి బియ్యమే కావాలి. పక్కపక్కనే బతుకుతూ, అందరూ అన్నమే తింటూ, ఒక సీమలో వ్యాధి ఉండి మరో సీమలో లేకపోవడానికి ఈ ఒక్క తేడా పెద్ద కారణమైంది.

బెరిబెరిని పరిశోధించడానికే 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న పరిశోధనశాల ప్రారంభించాడు. దాని తొలి పేరే బెరిబెరి విచారణ. 1928లో అది పోషకాహార పరిశోధనశాల అయింది. తరవాత దాని అధిపతిగా వచ్చిన అయ్‌క్రాయిడ్, ఆయన సహచరులు దేశపు బియ్యం సమస్య మీద 1940లో ప్రచురించిన నివేదిక ఈ రంగంలో ముఖ్యమైనది. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు తరలింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. తెలుగువారి అన్నం కుండలో పుట్టిన ప్రశ్న చివరికి తెలుగు నేల మీదికే చేరింది.

ఈ సంస్థే మరో పాఠాన్నీ వెలికితీసింది. దక్కను పీఠభూమిలో జొన్న తప్ప మరేదీ దొరకని పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పగిలిపోయేది. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం దీనికి కారణం కావచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. జొన్న మంచి ధాన్యమే. పప్పూ కూరా పాలూ లేకుండా ఏ ఒక్క ధాన్యం మీద ఆధారపడినా ఒళ్ళు ఓర్చుకోదని బెరిబెరి, పెల్లాగ్రా రెండూ చెప్పాయి.

సంగ్రహణి, సుబ్బారావు

తిన్నది ఒంటికి పట్టకుండా విరేచనాలై మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బును ఆయుర్వేదం సంగ్రహణి అంది. ఆధునిక వైద్యంలో ఉష్ణమండల స్ప్రూ దీనికి దగ్గరిది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరిని ఈ జబ్బు రోజుల తేడాతో బలి తీసుకుంది. ఆయనకూ వస్తే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నాడు. తరవాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. ఈనాడు గర్భిణులందరికీ ఇచ్చే మాత్రల్లో ఉండేది ఇదే ఫోలిక్ ఆమ్లం.

మామిడి సొన

ఇది నూజివీడు తోటలకు సొంతమైన సంగతి. కోతకూలీ పొడవాటి గెడ చివర చిక్కం కట్టి కాయను దించుతాడు. తొడిమ విరగ్గానే సొన చివ్వున చిమ్ముతుంది. అది కాయ మీద జారితే తొక్క నల్లబడి ధర పడిపోతుంది. అందుకే తెలిసినవాళ్ళు కొంత తొడిమ ఉంచి కోసి, తరవాత తొడిమ తుంచి, కాయను బోర్లించి సొన కారిపోనిస్తారు. చేతుల మీద, మెడ మీద పడితే కొందరికి పొక్కులు లేచి నీరు కారి, మానాక కూడా నల్లటి మచ్చ మిగులుతుంది.

సొనలోనూ తొక్కలోనూ ఉండే రిసార్సినాల్ జాతి రసాయనాలు దీనికి కారణం. మామిడి, జీడిమామిడి, నల్లజీడి, పిస్తా అన్నీ ఒకే కుటుంబం చెట్లు. చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టడానికి నల్లజీడి రసం వాడేవారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో భారతదేశానికి వచ్చిన విదేశీ సైనికులకు బట్ట మీద గుర్తు ఉన్న చోటే చర్మం పొక్కడంతో వైద్యులు 1943లో దీని మీద వ్యాసం ప్రచురించారు. పలాసలో జీడిగింజలు ఒలిచేవారి చేతులను కాల్చేదీ ఇలాంటి నూనే. అమెరికాలో పాయిజన్ ఐవీ తీగ తగిలి ఒకసారి పొక్కిన తెలుగువారికి, సెలవులకు ఇంటికి వచ్చి మామిడి తొక్క కొరికితే మళ్ళీ పొక్కే అవకాశం ఉంది. రెండింటిలోని రసాయనాలకూ చుట్టరికం ఉంది.

ఈ పొక్కడం వెంటనే రాదు, సాధారణంగా పన్నెండు గంటల నుంచి మూడు రోజుల్లో వస్తుంది. అందుకే చాలామంది మామిడిని అనుమానించకుండా నిన్న తిన్న మరేదో పడలేదనుకుంటారు. బంగినపల్లిని కోసుకుని తింటాం కాబట్టి ఇబ్బంది తక్కువ. రసాలను పిసికి, ముచ్చిక కొరికి, జుర్రుకుంటాం. సొన చేరే చోటే పెదవి ఆనుతుంది. పండ్లను నీళ్ళ బకెట్‌లో నానబెట్టడం, తొలి చుక్కలు పిండి పారేయడం ఇళ్ళలో వేడి తగ్గడానికని చేస్తారు. సొన కడుక్కుపోవడం దానివల్ల తప్పకుండా కలిగే లాభం. సొనకు పొక్కేవారిలో చాలామంది తొక్క తీసి, కోసిన ముక్కలను ఇబ్బంది లేకుండా తినగలరు.

పడకపోవడంలో రకాలు

సీరం ఎక్కించిన వాళ్ళలో కొందరి ఒళ్ళు తిరగబడడాన్ని గమనించి క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో అలర్జీ అనే మాటను పుట్టించాడు. చార్లెస్ రిషే ప్రాణాంతకమైన అనాఫిలాక్సిస్‌ను 1902లో వర్ణించి 1913లో నోబెల్ బహుమతి పొందాడు. వెంటనే వచ్చే అలర్జీకి మూలమైన ఐజీఈ ప్రతిరక్షకాన్ని 1960ల చివర్లో గుర్తించారు.

దీన్నిబట్టి మూడు సంగతులు వేరు చేయాలి. సొన పొక్కు చర్మానికి ఆలస్యంగా వచ్చే ప్రతిచర్య. అసలైన ఆహార అలర్జీ నిమిషాల్లో, గంట రెండు గంటల్లో దద్దుర్లుగా, పెదవుల వాపుగా, ఆయాసంగా వస్తుంది, అరుదుగా ప్రాణం తీస్తుంది. అసహనం జీర్ణశక్తికి సంబంధించింది, ఇబ్బంది పెడుతుంది కాని ప్రాణం మీదికి తేదు. కర్ణాటకలో పెద్దల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి స్పందించినవారు 26.5 శాతం. నిజంగా అలర్జీ ఉండవచ్చని తేలినవారు 1.2 శాతమే. ఒక్క రక్తపరీక్ష కాగితం పట్టుకుని పిల్లలకు గుడ్డూ పాలూ పల్లీలూ మాన్పించడం ఎంత ప్రమాదమో ఈ రెండు అంకెలే చెబుతాయి. ప్యాకెట్ ఆహారం మీద గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్య పీత జాతి, పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, గింజపప్పులు, సోయా ఉంటే తెలపాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి.

పాలు, పెరుగు, గోధుమ

పసితనం దాటాక చాలామందిలో పాలలోని లాక్టోజ్ చక్కెరను అరిగించే ఎంజైము తగ్గిపోతుంది. 1981లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉత్తరాది వారిలో 27.4 శాతం, దక్షిణాది వారిలో 66.6 శాతం మందికి ఈ అసహనం కనిపించింది. గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బే మనిషి గిన్నెడు పెరుగన్నం హాయిగా తింటాడు. పెరుగు తోడుకునేటప్పుడు బాక్టీరియా లాక్టోజ్‌ను కొంత తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించడానికీ తోడ్పడుతుంది. వేసవిలో పెరుగన్నంలో మామిడి రసం పిండుకుని తినే కృష్ణా జిల్లా అలవాటు పాలు పడనివారికి కాల్షియం, మాంసకృత్తులు అందే దారి కూడా.

గోధుమలోని గ్లూటెన్ వల్ల వచ్చే సీలియాక్ వ్యాధి పెద్దల్లో ఉత్తరాదిన 1.23 శాతం, దక్షిణాదిన 0.10 శాతం అని 2016లో ఒక అధ్యయనం చూపింది. జన్యువుల్లో అంత తేడా లేదు, గోధుమ తినడంలో చాలా ఉంది.

మగ్గబెట్టే పద్ధతి, కార్బైడ్

వరిగడ్డిలో పొరలుపొరలుగా పేర్చి కాయలను మగ్గబెట్టడం పాత పద్ధతి. మార్కెట్ తొందర పెరిగాక వ్యాపారులు కాల్షియం కార్బైడ్‌కు అలవాటుపడ్డారు. తేమ తగిలితే అది ఎసిటిలీన్ వాయువును వదులుతుంది, కాయ పైకి పసుపెక్కుతుంది, లోపల పులుపు పోదు. పారిశ్రామిక కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు దీన్ని నిషేధించాయి. 2015లో తెలుగు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తానే విచారణకు తీసుకుంది. 2016లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 100 పీపీఎం వరకు ఎథిలీన్ వాయువును అనుమతించింది. పండు తనకు తానే పుట్టించుకునే వాయువు అది.

ఆవకాయ, ఉప్పు

నూజివీడు కాయతో ఏటా పెట్టే ఆవకాయకు ఉప్పే కాపలా. ముక్కలో నీటిని లాగేసి సూక్ష్మజీవులు పెరగకుండా చూస్తుంది. కూర కరువైన రోజుల్లో ఆవకాయ ముక్క పేదవాడి కంచానికి రుచినిచ్చింది, ఎండలో చెమటోడ్చే ఒంటికి ఉప్పునూ అందించింది. ఈనాడు ఆ చెమట తగ్గింది, ఉప్పు తగ్గలేదు. రోజుకు 5 గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆంధ్రప్రదేశ్‌లో సగటు 9.46 గ్రాములని 2017లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తప్పు ఒక్క ఆవకాయదే కాదు. కూరలో, పప్పులో, పులుసులో, పచ్చడిలో, చివరికి మజ్జిగలో వేసే ఉప్పంతా కలిసి రక్తపోటును పెంచుతుంది.

తెల్ల అన్నం, మధుమేహం

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఆకలిని తరిమింది. దాని గొప్పతనాన్ని ఏ గణాంకమూ తగ్గించలేదు. అయితే బియ్యం చౌకైనంతగా పప్పులు, కూరలు, చిరుధాన్యాలు కాలేదు. 21 దేశాల్లో 1,32,373 మందిని పరిశీలించి 2020లో ప్రచురించిన ప్యూర్ అధ్యయనంలో, రోజుకు 450 గ్రాములకు మించి తెల్ల అన్నం తినేవారికి 150 గ్రాముల లోపు తినేవారికంటే మధుమేహం ముప్పు ఎక్కువని తేలింది. ఆ తేడా దక్షిణాసియాలోనే అన్నిటికన్నా పెద్దది, 61 శాతం. ఉభయగోదావరి జిల్లాల 45 గ్రామాల్లో 2000ల తొలి ఏళ్ళలో జరిగిన సర్వేలో మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అదే ప్రాంతంలో ముప్పై దాటినవారిలో సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉంది. పల్లెటూళ్ళకు షుగరూ బీపీ రావనే నమ్మకానికి ఈ అంకెలు జవాబు.

మధుమేహం ఉందని మామిడిని పూర్తిగా మానేసి, మూడు పూటలా కుప్పగా అన్నం తినేవారు చాలామంది. 100 గ్రాముల మామిడి పండులో సుమారు 14 గ్రాముల చక్కెర ఉంటుంది. దానితో పాటు పీచు, విటమిన్ సి, విటమిన్ ఎగా మారే కెరోటిన్ అందుతాయి. అన్నం తగ్గించి, కొలతగా ఒక ముక్క తినవచ్చో లేదో డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. అన్నం మీద పండు అదనంగా చేరితేనే చిక్కు.

ఈనాటి అవగాహన

మూతి పొక్కితే తొక్క తీసి తినండి. పాలు పడకపోతే పెరుగు తినండి. పెదవులు వాచి ఊపిరాడకపోతే ఇంటివైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఫలానా తిండి పడదనుకుంటే తిన్నది, తిన్న వేళ, ఇబ్బంది మొదలైన వేళ రాసిపెట్టుకుని వైద్యునికి చూపించండి. ముప్పై దాటినవాళ్ళు ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర చూపించుకోండి. అన్నం, ఉప్పు మనకు పడుతున్నాయి కాబట్టే వాటిని ఎవరమూ అనుమానించం. తెలుగు సీమలో చాలామంది ఆరోగ్యాన్ని దెబ్బతీస్తున్నవాటిలో ఆ రెండూ ఉన్నాయి, కొలిచి తినవలసినవీ ఆ రెండే.