పార్సిప్పనీ: పాదచారి దర్శనము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూజెర్సీయందలి మోరిస్ కౌంటీ పట్టణము. పూర్తి నామము పార్సిప్పనీ–ట్రాయ్ హిల్స్. 1928లో హనోవర్ టౌన్‌షిప్పునుండి వేరుపడినది. 2020 జనగణనానుసారము జనసంఖ్య 56,162.

సెర్బియా దేశపు బెల్‌గ్రేడు కోటపై నిలిచిన బాటసారికి సావా, డాన్యూబు నదుల సంగమమును రాజధాని శోభయు ఒక్క చూపున గోచరించును గాని, 46వ నంబరు రహదారియు, 80, 287 సంఖ్యల పెనుమార్గములును ఖండించిన పార్సిప్పనీకి అట్టి నడిబొడ్డు లేకపోవుటచే, దీనిని పేటపేటగా నడచియే తెలిసికొనవలయును.

వేసవి విడిదిగా వెలసిన లేక్ హయావాథా పేటలో, బెవర్విక్ వీధియందలి భారతీయుల కిరాణా దుకాణము తలుపు తోయగానే కరివేపాకు వాసన ఎదురువచ్చును. మంచు కురియు దినమున అది తెలుగువానికి పుట్టింటి పిలుపు వంటిది.

పట్టణపు ఉత్తరపుటంచున 1904లో పూర్తియైన బూంటన్ జలాశయము గలదు. దాని అడుగున పాత బూంటన్ గ్రామము మునిగియున్నది. గట్టున నిలిచి ఆ నిశ్చలజలమును చూచువారిలో దాని ఘనత నెరిగినవారు కొందరే యనుట విచారకరము. జాన్ లీల్ అను వైద్యుని పూనికచే 1908 సెప్టెంబరు 26న, జెర్సీ సిటీకి పోవు ఈ నీటిలో క్లోరిను కలుప మొదలిడిరి. అమెరికాలో నగరపు త్రాగునీటిని నిరంతరముగా అట్లు శుద్ధిచేయుట కిదియే నాంది. నాడు వాడినది మన పల్లెబావులలో చల్లు బ్లీచింగు పొడి వంటిదే.

ఈ పట్టణముననే కొయ్యసామగ్రి రూపశిల్పి గుస్తావ్ స్టిక్లీ 1911లో కట్టిన దుంగల యిల్లు నేడు ప్రదర్శనశాల.