ఉప్పు బేరం నుంచి పోలీసు రిజిస్టరు దాకా

ఎరుకలవారిలో ‘ఉప్పు ఎరుకల’ అనే శాఖ ఒకటుంది. కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకు చేరవేసి ధాన్యం తెచ్చుకోవడం వాళ్ల బతుకుతెరువు. 19వ శతాబ్దంలో ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, రైళ్లొచ్చాయి, బేరం దెబ్బతింది. బేరం పోయి ఊళ్లు తిరిగే మనిషి పోలీసు కంటికి అనుమానితుడయ్యాడు. తెలుగునాట నేరశాస్త్రం కథ నా దృష్టిలో ఇక్కడే మొదలవుతుంది.

శిక్ష పడాల్సింది చేసిన పనికి, అదీ దానివల్ల జరిగిన హానికి తగినంతేనని ఇటలీలో బెకారియా 1764లోనే రాశాడు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ కూడా ఏ పని నేరమో, దానికెంత శిక్షో చెప్పింది. మరో 11 ఏళ్లకే అదే సర్కారు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. వడ్రంగి కొడుక్కి వడ్రంగం అబ్బినట్టే కొన్ని కులాలకు దొంగతనం అబ్బుతుందన్నది దాని వెనకున్న వాదం. ‘పుట్టు నేరస్తుడి’ గురించి ఇటలీ నేరశాస్త్రవేత్త లాంబ్రోజో పుస్తకం వెలువడింది 1876లో. అంటే ఆ సిద్ధాంతానికి ముందే మన దేశంలో చట్టం సిద్ధం.

1911 నాటి కొత్త చట్టంతో ఆ పద్ధతి మద్రాసు రాజధానికీ పాకింది. పేర్లు నమోదు, వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు. 6 నుంచి 18 ఏళ్లలోపు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసే వీలు కూడా అందులో ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ నిబంధనే. ఆ పసివాళ్లు చేసిన నేరమేమిటి? ఆ దశాబ్దంలోనే బాపట్ల దగ్గర క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఎరుకల సెటిల్మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరిట అది స్టూవర్టుపురమైంది. అక్కడి కూలీలు చీరాల పొగాకు కంపెనీకి అక్కరకొచ్చారు. సంస్కరణ అన్నారు గాని, కదలకుండా కట్టేసిన శ్రమ అది.

తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కమిటీ క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రద్దుకు సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. దాని జాగాలో ‘అలవాటు నేరస్తుల’ చట్టాలు నిలిచాయి, అనుమానమూ నిలిచింది. స్టూవర్టుపురం పేరు వినగానే దొంగలు గుర్తొచ్చేలా సినిమాలూ చేశాయి.

జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. క్రిమినల్ ట్రైబ్స్ ముద్ర తొలగిన ‘విముక్త జాతుల’ వారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకూడదని పోలీసులకు చెప్పాల్సి వచ్చిందీ ఆ తీర్పులోనే, చట్టం రద్దయిన 72 ఏళ్లకు.