మనుబోలు పల్లెటూరా, పట్నమా?

పాత తెలుగులో ‘ప్రోలు’ అంటే పట్టణం. ఆ మాట విడిగా వాడుకలోంచి పోయింది కానీ ఊరి పేర్ల చివర మిగిలిపోయింది: భట్టిప్రోలు, చేబ్రోలు, నిడుబ్రోలు. నెల్లూరుకీ గూడూరుకీ మధ్య, జాతీయ రహదారి మీద ఉన్న మనుబోలులోని ‘బోలు’ కూడా ఈ కుదురులోదే కావచ్చనిపిస్తుంది. భట్టిప్రోలు, చేబ్రోలు ఇవాళ గ్రామ పంచాయతీలు. మనుబోలు కూడా అంతే. మరోపక్క, పేరులో పల్లెని మోస్తున్న ఊళ్ళు చూడండి. అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. మదనపల్లె ఎప్పుడో మున్సిపాలిటీ అయింది. నాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వేలకి వేలు రోజూ తిరిగే కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి హైదరాబాద్ మహానగరంలో భాగం.

ఊరి పేరుకీ ఊరి స్థితికీ పొత్తు కుదరకపోతే ఎవరికీ నష్టం లేదు. కానీ జనాభా లెక్కల్లో ‘గ్రామీణం’, ‘పట్టణం’ అన్న ముద్రకీ ఊరి స్థితికీ పొత్తు కుదరకపోతే సంగతి వేరు. దేశాలని పక్కపక్కన పెట్టి పోల్చేది ఆ ముద్రతోనే. నిధులు పంచేదీ దానితోనే.

దేశాలవారీగా గ్రామీణ జనాభా శాతాల పట్టిక ఒకటి ఉంటుంది. ఐక్యరాజ్యసమితి అంచనాలను తీసుకుని ప్రపంచ బ్యాంకు దాన్ని ఇస్తూ వచ్చింది. ఇటీవలి దాకా అందులో బురుండి, పాపువా న్యూ గినీ 85 శాతం అటూఇటూగా పైవరసలో ఉండేవి. శ్రీలంక 80 శాతం పైన. ఈజిప్టు 57. జపాన్, అర్జెంటీనా చెరో 8. బెల్జియం 2. సింగపూర్ సున్నా. మన దేశం 2011 లెక్కల ప్రకారం 68.84 శాతం. నెల్లూరు జిల్లా విడిగా తీస్తే దాదాపు 71.

పైనుంచి కిందికి చదివితే ఇదొక అభివృద్ధి నిచ్చెనలా కనిపిస్తుంది. పల్లెలు తగ్గేకొద్దీ దేశం ముందుకి పోతున్నట్టు. కానీ అలా చదివితే శ్రీలంక దగ్గర అడ్డం పడుతుంది. అక్షరాస్యతలో, ఆయుర్దాయంలో మనకంటే చాలా ముందున్న దేశం మనకంటే ఎక్కువ ‘పల్లెటూరు’ ఎలా అయింది? జవాబు 1987లో ఉంది. అంతకుముందు అక్కడ చిన్న పట్టణాలకు టౌన్ కౌన్సిళ్ళు ఉండేవి. 1987 చట్టంతో వాటిని ప్రాదేశీయ సభల్లో కలిపేశారు. ఆ సభల పరిధి అంతా గ్రామీణమే అని లెక్క. 1981లో 21.5 శాతంగా ఉన్న పట్టణ జనాభా 2012 నాటికి 18.2కి దిగింది. జనం ఊళ్ళకి తిరిగి పోలేదు. వాళ్ళున్న చోటుకే పేరు మారింది.

జపాన్‌ది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. 2000లో పట్టణ జనాభా 79 శాతం దగ్గర ఉంటే 2010కి 91 అయింది. ఇంత సంపన్న దేశంలో, అప్పటికే జనాభా పెరుగుదల ఆగిపోయిన దేశంలో, పదేళ్ళలో ఇంత వలసా? కాదు. 1999లో మొదలైన మున్సిపాలిటీల విలీనాల్లో 3,200 పైచిలుకు స్థానిక సంస్థలు 1,800 లోపుకి వచ్చాయి. కొండల్లోని పల్లెలు పక్కనున్న ‘నగరం’లో కలిసిపోయాయి. అక్కడి ముసలి రైతు తన పొలంలోనే ఉండి నగరవాసి అయ్యాడు.

ఇప్పుడు ఒక ఆట ఆడదాం. ఎనిమిది, పది వేల జనాభా ఉన్న మండల కేంద్రం ఒకదాన్ని, మనుబోలు బాపతు ఊరిని, దేశదేశాలూ తిప్పి చూద్దాం. డెన్మార్క్‌లో 200 మంది దగ్గరదగ్గరగా ఉంటే చాలు, పట్టణమే. మెక్సికోలో 2,500 దాటితే పట్టణం. ఈజిప్టులో జనాభాతో పని లేదు, మన మండలం లాంటి ‘మర్కజ్’కి కేంద్రమైతే పట్టణమే. ఈ మూడు చోట్లా మన ఊరు నెగ్గింది. నైజీరియాలో గీత 20,000 దగ్గర ఉంది, జపాన్‌లో నగర హోదాకి మామూలుగా 50,000 కావాలి. అక్కడ మన ఊరు పల్లెటూరే. ఇల్లూ వాకిలీ మారలేదు, సరిహద్దు దాటామంతే. డేటాబేసు పనిలో ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలుసు: ఒకే పేరున్న కాలమ్‌లో ఒక్కో వరస ఒక్కో నిర్వచనంతో నింపితే, ఆ కాలమ్‌ని పై నుంచి కిందికి పోల్చకూడదు.

సరే, మన దేశం మాటేమిటి? 1901లో దేశంలో పట్టణ జనాభా 10.84 శాతం. అప్పట్లో మున్సిపాలిటీలు, కంటోన్మెంట్లు ఎలాగూ పట్టణాలే. అవి కాక, ఐదువేల మంది ఒకచోట ఉండి, సెన్సస్ సూపరింటెండెంట్‌కి పట్టణంగా తోస్తే అదీ పట్టణమే. అంటే అధికారి చూపు మీద చాలా ఆధారపడి ఉండేది. 1961లో ఈ చూపు స్థానంలో దేశమంతటికీ ఒకే కొలత పెట్టారు. మున్సిపాలిటీ లాంటి హోదా లేని ఊరు పట్టణం కావాలంటే మూడు పరీక్షలు నెగ్గాలి. కనీసం 5,000 జనాభా. చదరపు మైలుకు 1,000 మంది (1971 నుంచి చదరపు కిలోమీటరుకు 400). పనిచేసే మగవాళ్ళలో నాలుగింట మూడు వంతులు వ్యవసాయేతర పనుల్లో ఉండటం.

ఈ కొత్త కొలతతో దేశంలో కొన్ని వందల చిన్న పట్టణాలు మళ్ళీ గ్రామాల పట్టికలోకి వెళ్ళాయి. దాని ఫలితం తెలుగునేల లెక్కల్లో విచిత్రంగా కనిపిస్తుంది. 1951లో ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో పట్టణ జనాభా 17.42 శాతం. 1961లో 17.44. మధ్యలో 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1955లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది, 1956లో హైదరాబాద్ రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఇంత జరిగిన దశాబ్దంలో పల్లె నుంచి పట్నానికి ఎవరూ కదలలేదని ఆ అంకె చెప్తుంది! నిజానికి నగరాలకి వచ్చినవాళ్ళ లెక్కనీ, ముద్ర పోగొట్టుకున్న ఊళ్ళ లెక్కనీ కలిపి కూడితే దాదాపు సున్నా తేలిందన్నమాట.

ఆ మూడు పరీక్షల్లో మూడోదాని దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. లెక్కలోకి వచ్చేది మగవాళ్ళ పని మాత్రమే. అందులోనూ ఏడాదిలో ఆరు నెలలకి తగ్గకుండా పని దొరికినవాళ్ళే. నెల్లూరు వైపు వరి సాగు చూసినవాళ్ళకి ఇందులో మెలిక ఇట్టే తెలుస్తుంది. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఆడవాళ్ళు. మగవాళ్ళు ఆటో నడపచ్చు, కృష్ణపట్నం ఓడరేవులోనో థర్మల్ కేంద్రంలోనో కాంట్రాక్టు పనికి పోవచ్చు, గూడూరు వెళ్ళి కొట్లో కూర్చోవచ్చు. అలాంటి ఊళ్ళో చేలన్నీ ఆడవాళ్ళ చేతుల మీద నడుస్తున్నా, మొదటి రెండు పరీక్షలూ నెగ్గితే అది పట్టణమైపోతుంది. ఆడవాళ్ళ వ్యవసాయం కూలీ చిట్టాలో ఉంటుంది కానీ ఊరి స్వభావాన్ని తేల్చే లెక్కలో ఉండదు. నిష్పాక్షికంగా కనిపించే ఈ సూత్రం, పని అంటే మగవాడి పని అన్న పాత నమ్మకాన్నే దశాంశాలతో సహా రాసిపెట్టింది.

ఇలా కొలతతో పట్టణాలైన వాటిని సెన్సస్ టౌన్లు అంటారు. 2001లో దేశంలో ఇవి 1,362. 2011లో 3,800 దాటాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 93 నుంచి 228కి పెరిగాయి. అక్కడ పట్టణ జనాభా 27.30 శాతం నుంచి 33.36కి ఎగబాకడంలో వీటి వాటా చిన్నదేం కాదు. దేశం మొత్తం మీద ఆ దశాబ్దపు పట్టణ పెరుగుదలలో సుమారు 30 శాతం ఇలా ముద్ర మారడం వల్లే వచ్చిందని ఒక అంచనా. “పల్లెలు ఖాళీ అవుతున్నాయి” అని మనం కథల్లో, పాటల్లో పదేపదే చెప్పుకున్నదానికి ఇది సరిపోదు. చాలాచోట్ల పల్లె పట్నానికి పోలేదు, ఉన్నచోటే పట్నం లెక్కలోకి వచ్చింది.

అయితే సెన్సస్ టౌన్‌కి మున్సిపాలిటీ రాదు. లెక్కల పుస్తకంలో పట్టణం, పాలనలో పంచాయతీ. ఇందులో లాభనష్టాలు రెండూ ఉన్నాయి. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం గ్రామీణ ప్రాంతాలకే. మున్సిపాలిటీ అయితే ఆ పని పోతుంది, ఇంటి పన్ను పెరుగుతుందన్న భయం ఉంటుంది. కాకపోతే పదివేల మంది మురుగునీటిని, చెత్తని పంచాయతీకి ఉండే కొద్దిపాటి సిబ్బందితో నెట్టుకురావాలి. ఏది కావాలన్నది ఊళ్ళో అందరికీ ఒకటే కాదు. కూలికి పోయే ఆవిడకి పల్లె ముద్ర కావాలి. రోడ్డు పక్క స్థలమున్న ఆసామికి పట్నం ముద్ర కావాలి.

ప్రభుత్వాలకూ ఈ సంగతి తెలుసు. ఆంధ్రప్రదేశ్‌కి పొరుగునే ఉన్న తమిళనాడు 2004లో 566 టౌన్ పంచాయతీలని ప్రత్యేక గ్రామ పంచాయతీలుగా మార్చింది. గ్రామాలకిచ్చే నిధులు అందుకోవడం అందులో ఒక ఉద్దేశం. రెండేళ్ళకి, 2006లో, మళ్ళీ టౌన్ పంచాయతీలని చేసింది. ఒక సంతకంతో పల్లెలు, ఇంకో సంతకంతో పట్నాలు.

ఈ గందరగోళం తగ్గించడానికి 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఒక ఉమ్మడి పద్ధతిని ఆమోదించింది. ఉపగ్రహ చిత్రాల, జనాభా లెక్కల సాయంతో భూమిని కిలోమీటరు గళ్ళుగా విడగొట్టి, ఎక్కడ ఎంత మంది ఒత్తుగా ఉన్నారో చూస్తారు. పల్లె, పట్నం అని రెండు గదులు కాదు, మూడు: నగరం, పట్టణం, గ్రామం. పాత లెక్కలో ప్రపంచంలో సుమారు 45 శాతం గ్రామీణులు. ఈ కొత్త పద్ధతిలో 2025 నివేదిక ఇచ్చిన లెక్క: నగరాల్లో 45, పట్టణాల్లో 36, గ్రామాల్లో 19 శాతం. సగానికి దగ్గరగా ఉన్న పల్లె జనం ఐదో వంతుకి తగ్గిపోయారు, ఎవరూ మూటాముల్లె సర్దకుండానే.

దేశాలని పోల్చడానికి ఇది కచ్చితంగా మెరుగు. మధ్యగది ఒకటి దొరికింది. కానీ గళ్ళకి కనిపించేది ఒత్తిడే, బతుకుతెరువు కాదు. పెన్నా డెల్టాలో జనం ఒత్తుగా ఉండేది వరి పండుతుంది కాబట్టి. మాగాణి వల్ల ఒత్తైన ఊరినీ, ఫ్యాక్టరీ వల్ల ఒత్తైన ఊరినీ ఆకాశం నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. ఒక కొలత మగవాడి పనిని చూసి మనిషి ఒత్తిడిని రెండో పక్కకి నెట్టింది, ఇంకో కొలత ఒత్తిడిని చూసి పనిని వదిలేసింది.

2021లో జరగాల్సిన మన జనాభా లెక్కలు 2027కి వచ్చాయి. గ్రామీణ శాతం 68.84 నుంచి ఎంతో కొంత కిందికి దిగడం ఖాయం. ఆ రోజు పేపర్లలో పల్లె చచ్చిపోతోందని కొందరు, దేశం ఎదిగిపోతోందని కొందరు రాస్తారు. ఏ పక్కకి ఒరిగే ముందైనా అడగాల్సినవి రెండున్నాయి. తగ్గినవాళ్ళలో ఇల్లు మారినవాళ్ళెందరు, ముద్ర మారినవాళ్ళెందరు? ముద్ర మారిన ఊళ్ళలో ఈ కారుకి నాట్లు ఎవరు వేశారు?