కట్టె తాగిన లెక్క

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకులు కోరారు. గుమాస్తాగా బతికినవాడికి రాజుల చరిత్ర కంటే రిజిస్టర్ల చరిత్రే బాగా తెలుసు. అందులోని ఒక పద్దు గురించి రాస్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మద్యం నిలవల లెక్కలు చూసే సెక్షనులో ఉండేవాడిని. ఒక గోదాములో కర్ర పీపాలలో ఉంచిన బ్రాందీకి తరుగు ఎక్కువగా కనిపించింది. స్టోర్ కీపరును సంజాయిషీ అడిగాము. "కొంత కట్టెనే తాగుతది సార్" అన్నారాయన. నేను నవ్వుకొని "సంజాయిషీ తృప్తికరముగా లేదు" అని నోటు పెట్టాను. ఆయన ఇంక్రిమెంటు ఒక ఏడాది ఆగింది.

ఆయన మాటలోని నిజం నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

మా కీసరలో కల్లు సంగతి అందరికీ తెలిసిందే. తెల్లవారుజామున దించిన లొట్టిలో తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, గాలి తగిలేలా ఇంకొన్ని రోజులు ఉంచితే సిర్కా అవుతుంది. అలా సిర్కా చేసే సూక్ష్మజీవులకు గాలిలోని ఆమ్లజని కావాలి. ద్రాక్షరసం నుంచి చేసే వైన్‌కూ ఇదే గండం. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాదుకు తెచ్చిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎన్నో ఉండేవి. అయితే అది ముఖ్యంగా తినే పండు. అందుచేత పీపాల కథ కోసం మనం ఫ్రాన్సు దాకా వెళ్లాలి.

ప్రాచీన రోమనులు వైన్‌ను మట్టి జాడీలలో పంపేవారు. నేటి ఫ్రాన్సు ప్రాంతపు గాల్ ప్రజల దగ్గర కర్ర పీపాలు చూసి క్రమంగా వాటికి మారారు. పీపా పగలదు, దొర్లించుకుపోవచ్చు. కారణం అంతే. అందులో నిలవ ఉన్న వైన్ మెత్తబడి రుచిగా మారడం వారికి దొరికిన అదనపు లాభం.

ఎందుకు మారుతుందో పరీక్షించి చూసినవారు లూయీ పాశ్చర్. 1866లో వెలువడిన ఆయన గ్రంథంలో ఆ ప్రయోగాలున్నాయి. గాలి లేకుండా నిండుగా మూసిన గొట్టంలో వైన్ దాదాపు అలాగే ఉండిపోయింది. కొంత గాలి ఉన్నదానిలో రంగు మారి, అడుగున మడ్డి దిగింది. వైన్‌ను చెడగొట్టే గాలే, మితంగా అందితే దాన్ని పక్వం చేస్తుందని తేలింది.

ఓక్ కర్ర ఆ మితం పాటిస్తుంది. ద్రవాన్ని కారనివ్వదు గాని, చెక్కల అతుకుల నుంచి, కర్రలోంచి, బిరడా నుంచి ఆమ్లజనిని మిల్లీగ్రాముల లెక్కన లోపలికి రానిస్తుంది. దానివల్ల వగరు పదార్థాలు, రంగు పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి వగరు తగ్గుతుంది, రంగు నిలుస్తుంది. అదే కర్రలోంచి ఏడాదికి నూటికి రెండు నుంచి ఐదు వంతుల వరకు ఆవిరై పోతుంది. బోర్డో ప్రాంతపు పీపా 225 లీటర్లు. లెక్క వేసుకోండి! ఆ ఖాళీలో గాలి చేరి వైన్ సిర్కా కాకుండా పీపాలను మళ్లీ మళ్లీ నింపుతూ ఉంటారు. 1991లో ఫ్రాన్సులోని మదిరాన్‌లో పత్రిక్ దుకూర్నో అనే ఆయన, తొట్టిలోకే సన్నని బుడగలుగా ఆమ్లజనిని పంపే పద్ధతి రూపొందించారు. కర్ర చేసే పనిలో గాలి పని వరకు అలా యంత్రానికి వచ్చింది.

బ్రాందీ అయినా వైన్ అయినా కర్ర గుణం ఒక్కటే. నేను ఆనాడు లోహపు తొట్లకు వర్తించే తరుగు పరిమితిని కర్ర పీపాలకు వేసి చూశాను. తప్పు నాది, శిక్ష ఆయనది. నాకు తెలిసివచ్చేసరికి ఆయన రిటైరైపోయారు.

ఈ సంచిక ఆయన చేతికో, ఆయన పిల్లల చేతికో అందవచ్చు. అందుకే ఆలస్యంగానైనా ఈ నోటు పెడుతున్నాను: కట్టె తాగిన మాట నిజమే. సంజాయిషీ తృప్తికరముగా ఉన్నది. క్షమించగలరు.