క్షురధార: మన వృత్తియందలి సానరాళ్ల చరిత్రము



మన కులచరిత్రము వ్రాయబూనినవారు మంగళవాద్యమును, వైద్యమును విపులముగా వర్ణింతురు. కత్తి మాట వచ్చినంతనే సంకోచింతురు. మేమును ఆ సంకోచమునకు లోబడినవారమే. సంస్కృతము చదువుకొను దినములలో, తండ్రిగారి వృత్తి యేమని సహాధ్యాయి యడుగగా వ్యవసాయమని బొంకితిమి. ఉపాధ్యాయవృత్తి చాలించిన పిమ్మట సుశ్రుతసంహితను తీరికగా చదువుచుండ, మా నాయన పొదిలోని రాళ్లు అందు కానవచ్చినవి.

ఋగ్వేదము ఎనిమిదవ మండలమునందే క్షురమును నూరుట ఉపమానముగా వాడబడినది. కఠోపనిషత్తు ఆత్మమార్గమును నిశితమైన క్షురధారతో పోల్చినది. నిశితమనగా నూరబడినదని యర్థము. సాన లేనిదే ఆ పోలిక లేదు. సుశ్రుతుడు సూత్రస్థానము ఎనిమిదవ అధ్యాయమున మరింత స్పష్టముగా చెప్పినాడు. భేదనశస్త్రమునకు మసూరపుగింజ పాటి ధార, లేఖనమునకు అందులో సగము, వ్యధనమునకు వెండ్రుకపాటి, ఛేదనమునకు అరవెండ్రుకపాటి ధార యుండవలెనట. నూరుటకు మినుమువన్నె గల నున్నని రాయి. ధార నిలుపుటకు బూరుగుపలక. శస్త్రము రోమమును ఛేదించిననే పనికి వచ్చును. మన పెద్దలు ముంజేతి వెండ్రుకపై కత్తిని పరీక్షించుట చూడనివారెవరు?

విజయనగర చరిత్రమున కొండోజు పేరు మనవారికి సుపరిచితమే. అతని నేర్పునకు మెచ్చి అళియ రామరాజు మంగలివారి పన్నులు మాన్పించినట్లు సదాశివరాయల కాలపు శాసనములు చెప్పుచున్నవి. ఆ నేర్పున సగము గడ్డము గొరుగకమునుపే, రాతిపైననే జరిగియుండును.

మా నాయన చంద్రగిరి ప్రాంతమున వాడుకయిండ్లకు పోవుచుండెను. ఆయన పొదిలో మూడు రాళ్లుండెడివి. గరుకురాయి వాదర విరిగినపుడు మాత్రమే బయటికి వచ్చును. నడిమిరాయి దాని గీతలను మాపును. స్వర్ణముఖి యేటిలో దొరకిన నల్లనిరాయి నడిమిరాతి గీతలనుసైతము మాపును. ఒకదానిని విడిచి పై రాతికి పోయినచో లోతుగీతలు మిగిలి, వాదర రంపపుపండ్లవలె నుండి వెండ్రుకను కోయక లాగును. కత్తిని వెన్నును వాదరయు రెండును రాతికి తాకునట్లు పరుండబెట్టవలెను. వెన్నే కోణమును కాపాడును. రాతిమీద వాదర ముందు నడచును. తోలుపట్టెమీద వెన్ను ముందు నడచును. రాయి నున్ననగుకొలది చేతిబరువు తగ్గవలెను. మేము బాల్యమున బలముగా నొత్తి, ఒక మంచికత్తిని చెరిచి, చెవి మెలివేయించుకొంటిమి.

ఇట్టి విద్య మనకొక్కరికే కలదనుకొనరాదు. లాటిను భాషలో క్షురమునకు నోవాక్యులా యని పేరు. దానినుండియే నోవాక్యులైటను సానరాతికి పేరు వచ్చినది. బెల్జియము దేశపు పసుపురాతిలో గార్నెట్టు రేణువులు ఉక్కును సన్నగా నొరయును. 1891లో అమెరికాలో ఏచిసన్ కార్బొరండమును కనుగొనెను. 1954లో మదరాసున కార్బొరండం యూనివర్సల్ కంపెనీ యేర్పడినది. ఇప్పటి కృత్రిమశిలలకు 1000, 4000, 8000 అని సంఖ్యలు. సంఖ్య పెరిగినకొలది రాయి నున్నన.

1904లో జిల్లెట్టునకు బ్లేడుకత్తి పేటెంటు లభించినది. నేడు తిరుమల కల్యాణకట్టలోను బ్లేడే వాడుక. రక్తమువలన సంక్రమించు వ్యాధులు తెలిసిన కాలమున ఒకే కత్తి పలువురికి వాడరాదు. ఈ మార్పు న్యాయమే. పాతకత్తి మరల రావలెనని మేము కోరము. అయినను మీ యిండ్ల అటకలపై రాళ్లున్నచో, పెద్దలు జీవించియుండగనే, ఏది ముందు ఏది వెనుక అని యడిగి వ్రాసికొనుడు. మా నాయన మూడు రాళ్లకును పేర్లు పెట్టియుండెను. రాళ్లు మావద్ద నున్నవి. నడిమిదాని పేరు మాకు జ్ఞప్తికి వచ్చుటలేదు.